నడుము వాల్చితే చాలదు

తెలుగువాడు తన బ్రతుకు బరువంతా నడుముమీదనే పెట్టి మాట్లాడతాడు. ఒక పనికి పూనుకుంటే నడుము కట్టాడంటాం. పట్టుదల పెరిగితే నడుము బిగించాడంటాం. ఒళ్ళు దాచుకోకుండా పాటుపడితే నడుము వంచాడంటాం. అలసిపోయి కాసేపు పడుకుంటే నడుము వాల్చాడంటాం. అప్పులపాలై కోలుకోలేని దెబ్బ తింటే, పాపం, నడుము విరిగిందంటాం. తరగతిలో జాతీయాలు చెప్పడం నా ఉద్యోగం. ఈ అయిదింటినీ ఒక వరుసలో బల్లమీద వ్రాసినప్పుడల్లా నాకొక ఆలోచన వస్తుంది. కట్టడం, బిగించడం, వంచడం, వాల్చడం - ఈ నాలుగూ వంతులవారీగా సాగినన్నాళ్ళూ అయిదోదానికి అవకాశం తక్కువ. వాటిలో ఏ ఒక్కటో రోజల్లా సాగిందా, అయిదోది మెల్లగా గుమ్మం ఎక్కుతుంది. మన పెద్దలు వైద్యం చదివి ఈ మాటలు పుట్టించలేదు గాని, ఈనాటి వైద్యులు చెప్పేది కూడా ఇంచుమించు ఇదే.

పూర్వం చావు ఎరుగని ఇంటినుంచి ఆవాలు తెమ్మన్నాడట బుద్ధుడు. ఇప్పుడు నడుమునొప్పి ఎరుగని ఇంటినుంచి తెమ్మంటే, కర్నూలులో కొండారెడ్డి బురుజు దగ్గర బయలుదేరి కడపదాకా ఇల్లిల్లూ అడిగినా ఉత్తచేతులతో తిరిగి రావలసిందే. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్క ప్రకారం 2020లో భూమిమీద 61 కోట్ల 90 లక్షల మందికి ఈ నొప్పి ఉన్నది. 2050 నాటికి అది 84 కోట్లు దాటుతుందని అంచనా. మనుషులను పనికి దూరం చేసే బాధల్లో దీనిదే మొదటి పీట.

ఇందులో ఒక చిత్రమున్నది. కదలనివాడికీ ఈ నొప్పి వస్తుంది. రోజంతా కదిలేవాడికీ వస్తుంది. మా కాలేజీలో పరీక్షపేపర్లు దిద్దే రోజులలో సాయంత్రానికి అధ్యాపకులందరూ నడుముమీద చేతులు పెట్టుకొనే లేస్తారు. కర్నూలునుంచి నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరుల మీదుగా కడపకు బస్సు నడిపే డ్రైవరుకూ అదే బాధ. కుట్టుమిషను ముందు కూర్చునే దర్జీదీ అదే కథ. వీళ్ళంతా కూర్చొని పనిచేసేవారు గదా, అందుకని సరిపెట్టుకుందామంటే, బేతంచెర్ల, కొలిమిగుండ్ల వైపు నాపరాళ్ళ గనులలో బండలెత్తే మనిషి మాటేమిటి? ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు కడప బండలను లారీకెక్కించే కూలీ మాటేమిటి? ఆదోని పత్తిచేలలో సాలువెంట సాలు వంగి నడిచే ఆడకూతురి మాటేమిటి?

ఆ మధ్య పత్తికొండ వైపు బంధువుల ఇంటికి వెళ్ళినప్పుడు, వేరుశనగ కాయలు వలిచే ఆడవాళ్ళు కొందరు చెట్టునీడన కూర్చొని ఉన్నారు. మాటల్లో నడుమునొప్పి ప్రసక్తి వచ్చింది. వ్యాయామం చేస్తే తగ్గుతుందని నేనన్నాను. వాళ్ళలో పెద్దావిడ ఫక్కున నవ్వింది. "పగలంతా వంగేదే గదా సామీ మా బతుకు! ఇంగ మాకు యాయామం యాల?" అన్నది. చుట్టూ ఉన్నవాళ్ళందరూ నవ్వారు. న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు చెప్పగలిగితే ఈ విషయమంతా చెప్పినట్టే.

పని వేరు, వ్యాయామం వేరు. పని అన్నది మనకోసం ఆగదు. చేను ఎటు వంచితే అటు వంగాలి, ఎంతసేపు వంచితే అంతసేపు వంగాలి, ఒళ్ళు చాలన్న తరువాత కూడా కూలి ముగిసేదాకా వంగాలి. వ్యాయామంలో అధికారం మనది. ఎటు కదలాలో, ఎన్నిసార్లు కదలాలో, ఎక్కడ ఆగాలో మనమే నిర్ణయిస్తాం. వ్యాయామమనే మాటలో "ఆయామం" ఉన్నది. ఆయామమంటే సాగుదల, నిడివి. "వి" చేరి వ్యాయామమైంది. నలువైపులా చక్కగా సాచడమని చెప్పుకోవచ్చు. ఒకే వైపుకు వెయ్యిసార్లు వంగడం వ్యాయామమనిపించుకోదు. వాగ్భటుడు తన అష్టాంగహృదయంలో ఇంకొక షరతు పెట్టాడు. బలిష్ఠులు, నెయ్యి నూనెలతో భోజనం చేసేవారు సైతం చలికాలంలోనూ వసంతంలోనూ తమ శక్తిలో సగందాకానే వ్యాయామం చేయాలట. తక్కిన కాలాలలో అంతకంటె తక్కువ. అతిగా చేసేవాడు ఏనుగును లాగబోయిన సింహంలాగా నశిస్తాడని హెచ్చరించాడు కూడా. చేలో కూలికి పోయిన మనిషికి సగం శక్తి దగ్గర ఆగే వీలెక్కడిది?

కాబట్టి ఆ పెద్దావిడకు జవాబు ఇది: రోజులో ఏ కదలిక లేదో, ఆ కదలికే నడుముకు మందు. రోజంతా కూర్చునేవాడికి నడక మందు. రోజంతా వంగేవాడికి వెనక్కు వాలడం, సాగడం మందు. రోజంతా నిలబడేవాడికి మోకాళ్ళు మడిచి వెల్లకిల పడుకోవడం మందు. ఎవరి లోటు వారిది, ఎవరి మందు వారిది.

ఎందుకిల్లా అంటే, నడుము కట్టడంలోనే కారణమున్నది. వెన్నులో పూసకూ పూసకూ మధ్య మెత్తని బిళ్ళలుంటాయి. మొత్తం ఇరవైమూడు. పెద్దవారమైన తరువాత ఆ బిళ్ళలలోకి రక్తనాళాలు దాదాపు ఉండవు. మన సీమలో కాలువ పారని మెట్టచేను ఎల్లాగో అల్లాగు. పక్కనుంచి ఊరి వచ్చే తేమే వాటికి ఆధారం. బరువు పడినప్పుడు బిళ్ళలోని నీరు కొంత బయటికి పోతుంది. బరువు తీసినప్పుడు మళ్ళీ లోపలికి వస్తుంది. ఈ రాకపోకలు సాగాలంటే మనిషి కదులుతూ ఉండాలి. ఒకే భంగిమలో గంటల తరబడి ఉండిపోతే, అది ఎంత అందమైన భంగిమయినా సరే, నడుము మొరపెట్టుకుంటుంది. బిళ్ళల చుట్టూ కండరాలున్నాయి. వాడకపోతే అవి సన్నబడతాయి, వాడితే బలపడతాయి. గుడారానికి గుంజ ఎంత ముఖ్యమో, చుట్టూ లాగి కట్టిన తాళ్ళూ అంత ముఖ్యమే గదా!

ఇక నొప్పి వచ్చిన రోజు సంగతి. నడుము పట్టేసింది అనగానే మన పల్లెలలో ఎదురుకాళ్ళతో పుట్టినవాడికోసం వెతుకుతారు. వాడు వచ్చి నడుముమీద తన్నితే పట్టు విడిపోతుందని నమ్మకం. తన్నించుకున్నవారిలో చాలామందికి తగ్గిన మాట నిజమే. ఏమంటే, హఠాత్తుగా పట్టిన నడుము చాలామందికి కొన్నాళ్ళలో, మహా అయితే ఆరు వారాలలో, దానంతటదే చాలావరకు నెమ్మదిస్తుంది. ఆ ఖ్యాతి తన్నినవాడికి దక్కుతుంది. పట్నవాసులమైన మనం తన్నులకు పోము గాని, మంచమెక్కుతాం. "వారం రోజులు కదలకు" అని ఇంట్లోవారు ఆజ్ఞ ఇస్తారు. ఒకప్పుడు వైద్యులు కూడా ఆ సలహానే ఇచ్చేవారు. 1995లో ఫిన్లండు దేశపు హెల్సింకి నగరంలో నడుము పట్టిన 186 మంది నగరోద్యోగులను మూడు జట్లుగా చేశారు. ఒక జట్టును రెండు రోజులు మంచంమీద ఉంచారు. రెండవ జట్టుచేత వెన్నుకు సంబంధించిన వ్యాయామాలు చేయించారు. మూడవ జట్టువారిని ఓపినంతవరకు మామూలు పనులు చేసుకోమన్నారు. అందరికంటె త్వరగా కోలుకున్నది మూడవ జట్టు. అందరికంటె ఆలస్యంగా కోలుకున్నది మంచమెక్కిన జట్టు.

దీనినిబట్టి రెండు విషయాలు గ్రహించాలి. నొప్పి కొత్తగా పట్టినప్పుడు పడక మంచిది కాదు; అప్పటికప్పుడు ఆసనాలు మొదలుపెట్టడమూ అంత అవసరం కాదు. ఇంట్లో మెల్లగా తిరుగుతూ, ఓపినంత పని చేసుకుంటూ ఉంటే చాలు. మరీ బాధగా ఉంటే గంటో రెండు గంటలో నడుము వాల్చవచ్చు, మళ్ళీ లేవాలి. అసలు వ్యాయామం పని ఆ తరువాత మొదలవుతుంది. ఎందుకంటే ఈ నొప్పికి తిరిగి వచ్చే గుణమున్నది. వెళ్ళినట్టే వెళ్ళి, ఏ పండుగపూటో నీళ్ళ బిందె ఎత్తబోయినప్పుడు మళ్ళీ పలకరిస్తుంది. ఆ తిరుగురాకను ఆపడంలోనే వ్యాయామం గొప్పతనమంతా ఉన్నది. 2016లో కొందరు పరిశోధకులు 21 పరిశోధనలను, అంటే 30,850 మంది అనుభవాన్ని ఒకచోట చేర్చి చూశారు. వ్యాయామంతోపాటు నడుము గురించి నాలుగు మంచిమాటలు కూడా చెప్పినవారిలో నొప్పి వచ్చే అవకాశం నూటికి నలభైఅయిదు వంతులు తగ్గింది. నడుముకు కట్టుకునే బెల్టులవల్ల గాని, చెప్పుల్లో పెట్టుకునే మెత్తలవల్ల గాని అటువంటి ఫలితం కనిపించలేదు.

వ్యాయామాలన్నిటిలో చౌక అయినది నడక. ఉగాదికి ముందు మా కర్నూలు దారులు చూడవలసిందే. కన్నడ దేశంనుంచి వేలాది భక్తులు మూటలు భుజాన వేసుకొని, ఎమ్మిగనూరు, కర్నూలు, ఆత్మకూరుల మీదుగా నల్లమల అడవి దాటి శ్రీశైలానికి నడిచిపోతారు. దారిపొడుగునా ఊళ్ళవారు మజ్జిగ ఇస్తారు, అన్నం పెడతారు. ఆ గుంపులో అరవై దాటిన వృద్ధులుంటారు, వారి వెంట ముసలమ్మలూ ఉంటారు. మనమంత దూరం నడవనక్కరలేదు. ఆస్ట్రేలియాలో చేసిన ఒక పరిశోధన 2024లో వెలువడింది. నడుమునొప్పి అప్పుడప్పుడే తగ్గిన 701 మందిని తీసుకొని, సగం మందికి నడక నేర్పారు. ఒకేసారి కాదు సుమా! ఎవరి ఓపికనుబట్టి వారికి కొద్దికొద్దిగా పెంచుతూ, ఆరు నెలలలో వారానికి అయిదు రోజులు, రోజుకు అరగంట నడిచే స్థితికి తెచ్చారు. నడవనివారికి నొప్పి సుమారు 112 రోజులకే తిరగబెడితే, నడిచినవారికి అది 208 రోజులదాకా రాలేదు. ఖర్చు ఏమిటి? ఒక జత మంచి చెప్పులు. మన సీమ ఎండలు తెలిసినవే కాబట్టి వేసవిలో పొద్దు పొడవకముందే నడవాలి. కర్నూలువారికి కె.సి. కాలువ గట్లున్నాయి; ఏ ఊరివారికైనా ఊరిబయట ఒక దారి ఉండకపోదు.

నడకకు తోడు నాలుగు చిన్న కదలికలు చెబుతాను. నేల, చాప ఉంటే చాలు. నా రోజు వీటితోనే మొదలవుతుంది. కాఫీ చల్లారకముందే అయిపోతాయి.

మొదటిది: రెండు చేతులు, రెండు మోకాళ్ళమీద ఆవులాగా నిలబడండి. వీపును మెల్లగా పైకి గూనిలాగా ఎత్తండి, మళ్ళీ మెల్లగా కిందికి దించండి. ఎనిమిది పది సార్లు. ఇది రాత్రి బిగుసుకున్న నడుముకు మేలుకొలుపు. దించేటప్పుడు బలవంతం వద్దు.

రెండవది: అల్లాగే ఆవులాగా ఉండి, కుడిచేతిని ముందుకూ ఎడమకాలిని వెనక్కూ సాచండి. అయిదారు లెక్కపెట్టేదాకా ఉంచి, మార్చి ఎడమచేయి, కుడికాలు సాచండి. వీపుమీద నీళ్ళగ్లాసు పెట్టినా ఒలకనంత నిలకడగా ఉండాలి. ఒక్కొక్క వైపు అయిదారు సార్లు.

మూడవది: వెల్లకిల పడుకొని మోకాళ్ళు మడిచి, పాదాలు నేలకు ఆనించి, పిరుదులను పైకి ఎత్తండి. భుజాలనుంచి మోకాళ్ళదాకా ఒకే వాలు రావాలి. అయిదు లెక్కపెట్టి దించండి. పది సార్లు. యోగం తెలిసినవారు దీనిని సేతుబంధమంటారు.

నాలుగవది: బోర్లా పడుకొని, మోచేతులమీద ఛాతీని లేపి, రెండు నిమిషాలు ఊరికే ఉండండి. భుజంగాసనానికి ఇది చిన్న చెల్లెలు. దీనికొక కథ ఉన్నది. 1956లో న్యూజిలాండులో రాబిన్ మెకెంజీ అనే చికిత్సకుడి దగ్గరికి నడుమునుంచి కాలిలోకి నొప్పి పాకిన రోగి ఒకడు వచ్చాడు. అతన్ని బల్లమీద బోర్లా పడుకోమని చెప్పి మెకెంజీ వేరే పనిమీద వెళ్ళాడు. అంతకుముందు రోగికోసం ఆ బల్ల తలవైపు పైకి ఎత్తి ఉన్నది. ఈయన దానిమీదనే నడుము వెనక్కు వంగేటట్టు పడుకున్నాడు. చికిత్సకుడు తిరిగి వచ్చి చూసి కంగారుపడ్డాడు. రోగి మాత్రం కొన్ని వారాలలో ఇంత సుఖంగా ఎన్నడూ లేదన్నాడు! ఆ సంఘటననుంచి ఒక చికిత్సాపద్ధతే పుట్టింది. అందులో మనకు పనికివచ్చే గుర్తు ఒకటున్నది. ఏదైనా కదలిక చేసినప్పుడు కాలిలోని నొప్పి నడుమువైపు వెనక్కు మళ్ళితే ఆ కదలిక మీకు మంచిది. నడుములోని నొప్పి కాలిలోకి దిగితే వెంటనే మానండి. వయసు మళ్ళినవారిలో కొందరికి వెనక్కు వాలితే బాధ, ముందుకు వంగితేనే హాయి. వారు ఈ నాలుగోదాన్ని వదిలిపెట్టి తక్కిన మూడూ చేసుకోవచ్చు.

యోగాసనాలు చేయవచ్చునా అని చాలామంది అడుగుతారు. నిరభ్యంతరంగా చేయవచ్చు. 2017లో అమెరికాలోని బోస్టన్ ప్రాంతంలో, ఎక్కువగా పేదవారైన 320 మంది నడుమునొప్పి రోగులమీద పరీక్షించి, పన్నెండు వారాల యోగాభ్యాసం వ్యాయామ చికిత్సకు ఏమీ తీసిపోదని తేల్చారు. సూర్యనమస్కారాలు అలవాటున్నవారు మానవద్దు. కొత్తగా మొదలుపెట్టేవారు మాత్రం మోకాళ్ళు కాస్త మడిచి వంగాలి. నొప్పి ముదిరిన రోజున మానాలి. ఏ వ్యాయామమయినా వాగ్భటుడి సగం సూత్రం మరచిపోవద్దు. చేసిన తరువాత కాసేపు కండరాలు కొద్దిగా లాగితే ఫరవాలేదు. మర్నాటికి కూడా నొప్పి పెరిగే ఉంటే, ముందురోజు మోతాదు ఎక్కువైందన్నమాట.

ఇక ఇంటిపని. తెల్లవారి లేవగానే మన ఆడవాళ్ళు చేసే మొదటి పని ఏమిటి? వాకిలి ఊడ్చి, వంగి ముగ్గు వేయడం. రాత్రంతా పడుకొని ఉన్నందున వెన్నులోని బిళ్ళలు నీరు పీల్చుకొని ఉబ్బి ఉంటాయి. తెల్లవారుజామున మనిషి సాయంత్రం కంటె ఒక సెంటీమీటరో, అంతకు కాస్త ఎక్కువో పొడుగుంటాడు కూడా. ఆ సమయంలో నడుము ముందుకు వంచితే బిళ్ళలమీద ఒత్తిడి ఎక్కువ. లేచిన వెంటనే వంగకుండా జాగ్రత్తపడినవారికి పాతనొప్పి తగ్గిందని 1998లో అమెరికాలో ఒక పరిశోధన చెప్పింది. ముగ్గు మానమని నేననను. ముందు కాసేపు అటూ ఇటూ తిరిగి, పొయ్యిమీద పాలు పెట్టి, ఆ తరువాత గొంతుక్కూర్చొని ముగ్గు వేయవచ్చు. ఊడ్చడానికి పొడుగు చీపురు ఉంచుకోవచ్చు.

బరువెత్తడం మన తాతలకు బాగా తెలుసు. సీమ పల్లెలలో తిరునాళ్ళకు గుండు ఎత్తే పందాలు, ఇరుసు ఎత్తే పందాలు ఉంటాయి. అనుభవమున్నవాడు గుండును ఎల్లా ఎత్తుతాడో చూడండి. దూరంగా నిలబడి నడుము వంచి అందుకోడు. దగ్గరికి వచ్చి, కాళ్ళు ఎడంగా పెట్టి, గుంజిళ్ళు తీసినట్టు మోకాళ్ళు మడిచి, గుండును ఒంటికి హత్తుకొని కాళ్ళ బలంతో లేస్తాడు. నీళ్ళ బిందెకూ ఇదే విద్య. తొట్టిలోకి వంగి, అదే ఊపులో పక్కకు తిరిగి బిందె దించడం అన్నిటికంటె చెరుపు. వంగడం, తిరగడం రెండూ ఒక్కసారి చేయవద్దు. నిండు బిందె ఒకటికి బదులు సగం బిందెలు రెండు అయితే వచ్చే నష్టం ఏమీ లేదు. ఈ కాలు బలం సంపాదించుకోవడానికే వినాయకుడి ముందు గుంజిళ్ళు పెట్టారేమో అనిపిస్తుంది నాకు! మోకాళ్ళు సహకరించనివారు కుర్చీలోనుంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చున్నా చాలు.

అయితే అన్ని భారాలూ రోగి వ్యాయామంమీదనే పెట్టడం ధర్మం కాదు. అమెరికాలోని కాలిఫోర్నియాలో పొలం కూలీలచేత చాలాకాలం పొట్టి పిడి పారలతో కలుపు తీయించారు. దానితో పనిచేయాలంటే రోజంతా నడుము రెండుగా మడిచి ఉండవలసిందే. ఎందరో కూలీల నడుములు చెడిపోయాయి. వారు న్యాయస్థానానికి వెళ్ళి పోరాడారు. 1975లో ఆ పొట్టి పారను నిషేధించారు. పిడి పొడుగు పెంచితే పని ఆగిపోలేదు, చేలు బీడు పడలేదు. మన చేలలోనూ నిలబడి వాడే కలుపు పరికరం ఒక్కటి కొనిస్తే, గంటకొకసారి అయిదు నిమిషాలు లేచి వెనక్కు సాగనిస్తే, చేనుగల ఆసామికి పోయేది చాలా తక్కువ.

భయం గురించి కూడా ఒక్క మాట. నడుము ఫొటో తీయించగానే "బిళ్ళ జారింది, అరిగింది" అని కాగితంలో కనబడుతుంది. అంతటితో మనిషి సగం చచ్చిపోతాడు. వంగడం మానేస్తాడు, నడవడం మానేస్తాడు. 1994లో నడుమునొప్పి అసలు లేని 98 మందికి అటువంటి ఫొటోలు తీసి చూస్తే, సగానికి పైగా మందిలో ఏదో ఒక బిళ్ళ ఉబ్బి కనిపించింది. తల నెరిసినట్టే బిళ్ళలూ వయసుతో మారతాయి. నూటికి తొంభై నడుమునొప్పులకు ఇదీ అని చూపించదగిన ప్రమాదకరమైన కారణం ఉండదు. కాగితంలోని మాటలకంటె మీరు ఎంత కదలగలుగుతున్నారన్నదే ముఖ్యం.

మిగిలిన పదింటిని మాత్రం అశ్రద్ధ చేయరాదు. మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, తొడల నడుమ తిమ్మిరెక్కినా, పాదం పట్టు తప్పినా అదే రోజు ఆస్పత్రికి వెళ్ళాలి. జ్వరం, బరువు తగ్గడం, రాత్రిళ్ళు నిద్ర లేపే నొప్పి ఉంటే వెన్నులో క్షయ వంటిది ఉండవచ్చు. వృద్ధులు జారిపడిన తరువాత వచ్చిన నొప్పి, మునుపు పుట్టకురుపు ఉన్నవారికి వచ్చిన నొప్పి వైద్యులకు చూపించవలసినవే. నలభై నిండని యువకులకు ప్రొద్దున అరగంటకు పైగా నడుము కొయ్యలాగా బిగిసి, తిరిగితే సడలుతున్నదా? అదీ చూపించాలి. మన ప్రాంతానికి మరొక బెడద ఉన్నది. నీటిలో ఫ్లోరైడు ఎక్కువైతే వెన్ను గట్టిపడి వంగదు. 1937లోనే నెల్లూరు జిల్లాలో ఈ జబ్బును గుర్తించి వ్రాశారు. సీమలో కూడా ఎన్నో ఊళ్ళ బోరునీటిలో అది ఉన్నది. ఆ నడుముకు వ్యాయామం చాలదు, ముందు తాగేనీరు మారాలి.

2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ పాతబడిన నడుమునొప్పికి ఏమి చేయాలో, ఏమి చేయకూడదో పట్టిక ఇచ్చింది. చేయవలసినవాటిలో వ్యాయామమున్నది, నొప్పి గురించి సరైన జ్ఞానమున్నది. వద్దన్నవాటిలో నడుముబెల్టులున్నాయి, బరువులు కట్టి లాగడమున్నది, నల్లమందు జాతి మాత్రలున్నాయి. అంటే డబ్బు పెట్టి కొనేవాటిలో చాలా భాగం వద్దన్నారు. డబ్బుతో కొనలేని దాన్నే చేయమన్నారు.

డబ్బు అక్కరలేదు గాని, తీరిక కావాలి. మధ్యతరగతి ఇంట్లో తీరిక అన్నిటికంటె తక్కువగా ఉన్నది ఎవరి దగ్గరో మీకు తెలుసు. అయ్యగారు పొద్దున్నే నడకకు వెళ్ళి వస్తారు. అమ్మగారు "నాకు ఇంటిపనే వ్యాయామం లెండి" అంటారు. పత్తికొండ ఆడవాళ్ళు నవ్వుతూ అన్నదీ ఇదే గదా! రోజూ అవే వంగుళ్ళు, అవే బిందెలు, అవే అంట్లు. ఆమెకు కావలసింది ఇంకొంచెం పని కాదు, పనిలో లేని ఆ నాలుగు కదలికలు. వాటికి పది నిమిషాలు. పొయ్యిమీద సంగటి ఉన్నప్పుడు తెడ్డు కాసేపు మీరు పట్టుకోండి. ఎసట్లో పిండి ఉండలు కడుతుందేమోనన్న బెంగ లేకుండా ఆమెను చాప పరచుకోనివ్వండి. రేపు ఉదయమే మొదలుపెట్టండి. ఒక నెల గడిచిన తరువాత ఆమెనే అడిగి చూడండి.